జనగణమన పాడని పిల్లను బడి నుంచి తీసేయొచ్చా?

ప్రశ్న: మేము యెహోవా సాక్షులం, క్రైస్తవంలో ఒక శాఖ; గీతం పాడటం మా విశ్వాసానికి విరుద్ధం. మా పాప ఎయిడెడ్ స్కూల్లో ఏడో తరగతి. ప్రార్థన సమయంలో జనగణమన పాడదని జూన్‌లో ‘ఇక రావద్దు’ అన్నారు. నాలుగు నెలలుగా ఏడుస్తూ ఇంట్లోనే ఉంది. గొంతు జబ్బని డాక్టర్ సర్టిఫికెట్ పెడితే సరిపోతుందా?

జవాబు: మీరు రెండు పేజీలు రాశారు కానీ, అసలు సంగతి అందులో లేదు. గీతం పాడుతున్నప్పుడు పాప లేచి నిలబడిందా, లేదా? కేసు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

1985 జూలైలో కేరళలో మీ మతానికే చెందిన ముగ్గురు పిల్లల్ని ఇదే కారణంతో బడి నుంచి పంపించేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి. ఆ పిల్లలు రోజూ గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. జాతీయ గౌరవాన్ని అవమానించడాన్ని నిరోధించే 1971 చట్టం మూడో సెక్షన్ శిక్షించేది గీతాన్ని కావాలని అడ్డుకున్నవారిని, పాడుతున్నవారికి భంగం కలిగించినవారిని. అమెరికాలోనూ యెహోవా సాక్షుల పిల్లలు జెండా వందనం కేసులో 1940లో ఓడితే, 1943లో అక్కడి సుప్రీంకోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. చిన్నప్పరెడ్డిగారు ఆ తీర్పులనూ పరిశీలించారు.

విశ్వాసం మనకు సబబుగా తోచిందా అని కోర్టు చూడదు, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అనే చూస్తుంది. అలాంటప్పుడు గొంతు జబ్బు సర్టిఫికెట్ పెట్టారంటే, పాడకపోవడానికి కారణం విశ్వాసం కాదని మీరే రాసిచ్చినట్టు. పైగా అది దొంగ సర్టిఫికెట్. దాని జోలికి వెళ్లొద్దు. ‘మా ఇష్టప్రకారం టీసీ ఇప్పించండి’ అన్న కాగితం మీదా సంతకం పెట్టకండి.

నాలుగు నెలలు నోటిమాట పట్టుకుని కూర్చోవడం మీ తప్పే. రేపే హెడ్‌మాస్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి: ఏ తేదీన, ఎవరి ఆదేశంతో పంపేశారో లిఖితంగా చెప్పమనండి. నకలు జిల్లా విద్యాధికారి(డీఈఓ)కి పంపి, రసీదులు దాచండి. పాప నిలబడేదని చెప్పగల తోటి తల్లిదండ్రులెవరైనా ఉంటే చూసుకోండి.

విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బహిష్కరించకూడదు. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. అయితే అది మైనారిటీ స్కూలైతే ఈ దారి మూసుకుపోతుంది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ స్కూళ్లకు ఈ చట్టం వర్తించదంది. మిషన్ స్కూలేనేమో ముందు కనుక్కోండి.

ఏదైనా సరే, డీఈఓను ప్రతివాదిగా చేర్చి హైకోర్టులో రిట్ (హక్కుల కోసం వేసే పిటిషన్) వేయొచ్చు, స్కూలు ప్రభుత్వ నిధులు అందుకునే ఎయిడెడ్ కావడం మీకు కలిసొచ్చే అంశం. రిట్‌కు కాలపరిమితి లేదు కానీ, అకారణ జాప్యం కోర్టుకు నచ్చదు. తుది తీర్పుకోసం చూడక, పాపను వెంటనే తరగతిలో కూర్చోనిచ్చేలా మధ్యంతర ఉత్తర్వు అడగండి. హాజరు తక్కువైందన్న సాకు వచ్చేలోగా వేయండి.