వెంటిలేటర్ పెట్టమంటారా వద్దా అని డాక్టరుగారు మమ్మల్నే అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

మీరు రాసింది ఇదండి: నాన్నగారికి 72 ఏళ్లు, ఎప్పట్నుంచో ఆయాసం జబ్బు (సీఓపీడీ), అమలాపురంలో ఐసీయూలో బైపాప్ మాస్కు (గొట్టం లేకుండా గాలి ఒత్తిడితో ఊపిరికి సాయం చేసేది) మీద ఉన్నారు. "రాత్రికి గొట్టం వేయాల్సి రావచ్చు, మీరంతా మాట్లాడుకుని చెప్పండి" అని డాక్టరుగారు వెళ్లిపోయారు. గొట్టమంటే నోట్లోంచి ఊపిరి దారిలోకి వేసి వెంటిలేటర్ మిషనుకి కలిపేది. ఇంట్లో తలో మాట.

పెట్టండి, వద్దు అని ఇక్కడ ఎవరు చెప్పినా నమ్మకండి. ముందు నేనడిగేది ఒకటే. నాన్నగారిని అడిగారా? మాస్కు మీద ఉన్న మనిషి వినగలడు, తలూపగలడు, కాసేపు మాస్కు వదులు చేస్తే నాలుగు ముక్కలు మాట్లాడగలడు. గొట్టం పడిందంటే ఆ నాలుగు ముక్కలూ ఉండవు. మన వైపు పెద్దవాళ్లకి జబ్బు పేరు కూడా చెప్పరు. "గ్యాస్ పట్టేసింది నాన్నా, రేపు ఇంటికెళ్లిపోదాం" అంటారు. అది ప్రేమే అనుకుంటారు గానీ, ఆ మనిషికి ఇంతకంటే అన్యాయం లేదు.

ఒక కేసు చెబుతాను. కోనసీమ పెద్దాయనే, కొబ్బరి తోట ఉంది, జీవితమంతా లంక పొగాకు చుట్ట. మాస్కు పెట్టి రెండు గంటలైనా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కువగా, 80 దాటే ఉంది, దాంతో రక్తంలో ఆమ్లం పెరిగి పీహెచ్ 7.22కి పడిపోయింది. గొట్టం వేసే ఘడియ దగ్గరపడినట్టే. బయట వరండాలో పంచాయితీ. కువైట్‌లో ఉన్న చిన్న కొడుకు వాట్సాప్ వీడియోలో "ఎంతైనా సరే, అన్నీ చేయమనండి" అంటున్నాడు. అక్కగారేమో "గొట్టం వేసినోళ్లు తిరిగొచ్చారా?" అని ఏడుపు. అల్లుడు ఊళ్లో ఆర్‌ఎంపీకి ఫోన్ కొడితే, మనిషిని చూడకుండానే "కాకినాడ లాగేయండి" అన్నాడు. చూసిన డాక్టరు మాట కంటే చూడని ఆర్‌ఎంపీ మాటకి విలువెక్కువ మన దగ్గర. ఇది మారాలండి.

లోపల నర్సమ్మ తడిగుడ్డతో పెదాలు తుడుద్దామని మాస్కు వదులు చేస్తే పెద్దాయన అడిగారు: "బయట ఏంటమ్మా గొడవ?" ఆవిడ డ్యూటీ డాక్టరుని పిలిచింది. ఆ కుర్రాడు నిలబడి చెప్పలేదు, స్టూలు లాక్కుని చెవి దగ్గర కూర్చున్నాడు. "బాబుగారూ, ఊపిరి లాగి లాగి మీ కండరాలు అలిసిపోయాయి. గొట్టం వేసి మిషను మీద నాలుగైదు రోజులు ఉంచితే తేరుకోవచ్చు. తేరుకోకపోనూ వచ్చు. వేయమంటారా?" పెద్దాయన ఆయాసపడుతూ, మాటకీ మాటకీ మధ్య ఆగి, "ఐదు రోజులు చూడండి. మెడకి కన్నం మాత్రం పెట్టొద్దు. మా తమ్ముడికి పెట్టారు, చూశాను" అన్నారు. మెడకి కన్నమంటే ట్రకియాస్టమీ, గొంతు ముందు కోసి ఊపిరికి దారి పెట్టడం. పెద్ద కొడుకుని లోపలికి పిలిచి మళ్లీ చెప్పించారు, కేస్ షీట్లో టైము వేసి రాశారు, పెద్దాయన వేలిముద్ర తీసుకున్నారు. పావుగంటలో వరండా సద్దుమణిగింది. నాలుగో రోజు గొట్టం తీశారు.

అందరికీ అలా జరగదు. కానీ ఆ నిర్ణయం ఎవరి మెడకీ చుట్టుకోలేదు చూడండి. ఇంకో సంగతి, కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ మనిషి మత్తులోకి జారిపోతాడు. అందుకే రాత్రి చూద్దాం అనుకోకుండా, తెలివిగా ఉన్న గంటలోనే అడగాలి.

ఇక డాక్టరుగారితో ఏం మాట్లాడాలి. "బతుకుతారా" అంటే "చెప్పలేం, 24 గంటలు గడవాలి" అంటారు. ఆ జవాబు ఎవరికీ పనికిరాదు. ఇలా అడగండి: "కొన్ని రోజులు గడువు పెట్టుకుని చూద్దామండి. ఎన్ని రోజులు? ఆ రోజుకి ఏమేం మెరుగుపడాలి? పడకపోతే ఏం చేద్దాం?" సీఓపీడీ ముదిరి వచ్చినవాళ్లకి మూడు నుంచి ఐదు రోజులన్నది సబబైన గడువు. రోజూ చూడాల్సినవి నాలుగు. మిషను ఇచ్చే ఆక్సిజన్ శాతం 60 నుంచి 40కి దిగుతోందా. బీపీ నిలబెట్టే నోరెడ్రినలిన్ మందు తగ్గుతోందా. 60 కిలోల మనిషికి గంటకి కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం వస్తోందా. మత్తు తగ్గిస్తే కళ్లు తెరిచి చెప్పినట్టు చేస్తున్నారా. ఇవి బాగుంటే మిషను సాయం బాగా తగ్గించి అరగంట సొంతంగా ఊపిరి తీయనిచ్చి చూస్తారు, తట్టుకుంటే గొట్టం తీస్తారు.

మొదటిసారి లోపలికెళ్లి చూసినవాళ్లు హడలిపోతారు, ముందే తెలుసుకోండి. గొట్టం పీకేసుకోకుండా చేతులు మెత్తటి పట్టీలతో మంచానికి కడతారు. ముక్కులో రైల్స్ ట్యూబు, దాంట్లోనే పాలు, జావ. కఫం తీసేటప్పుడు ఒళ్లంతా ఎగిరిపడుతుంది. రెండు రోజులు దాటిన దగ్గర్నుంచి గొట్టం వల్లే కొత్త న్యుమోనియా పట్టే భయం ఉంటుంది. అందుకే తల వైపు 30 డిగ్రీలైనా ఎత్తి ఉంచాలి, నోరు శుభ్రం చేయాలి, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. వీటి గురించి నర్సుల్ని అడగొచ్చు, తప్పేం లేదు. అడగకూడనిది ఒకటుంది: మానిటర్ మీద రక్తంలో ఆక్సిజన్ 90 శాతం అని కనబడగానే "ఆక్సిజన్ పెంచండి" అని మీద పడిపోవడం. సీఓపీడీ మనిషికి 88 నుంచి 92 చాలు. ఎక్కువ పెడితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుంటుంది. పెంచని నర్సు నిర్లక్ష్యం చేస్తున్నట్టు కాదండి, మీ నాన్నగారిని కాపాడుతున్నట్టు.

డాక్టరుకి మీ వైపు నుంచి కావాల్సిందొకటుంది, నిజం. "నిన్నటిదాకా పొలం వెళ్లొచ్చాడండి" అని గొప్పగా చెప్పేస్తారు. ఆర్నెల్లుగా బాత్రూముకి వెళ్లడానికే రెండుసార్లు ఆగుతున్నారా, ఇంట్లో ఆక్సిజన్ మిషను వాడుతున్నారా, ఈ ఏడాది ఎన్నిసార్లు ఆస్పత్రిలో చేరారు, ఇవి ఉన్నదున్నట్టు చెప్పండి. గొట్టం తీయగలమా లేదా అన్న అంచనా సగం దీని మీదే ఉంటుంది.

కాకినాడ తీసుకెళ్లాలంటే లెక్క వేసుకోండి. యెదుర్లంక వంతెన మీదుగా రెండు గంటల దారి అనుకోండి. చిన్న సిలిండర్, బీ టైపు, నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల చొప్పున 150 నిమిషాలు, 15 లీటర్లయితే 100 నిమిషాలే. గేజ్ ముల్లు సగంలో ఉంటే అందులో సగం. యానాం దగ్గర లారీ అడ్డం పడితే ఏంటి పరిస్థితి? రెండు సిలిండర్లు, అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), దాన్ని పట్టడం వచ్చిన మనిషి లేకుండా కదలొద్దు. అక్కడ బెడ్ ఖాళీ ఉందని ఇక్కడి డాక్టరు ఫోన్లో మాట్లాడాకే బయల్దేరండి.

సంతకాల దగ్గర జాగ్రత్త. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, ఖాళీలుంటాయి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. ఏం చేస్తున్నారో తెలుగులో చెప్పించుకుని, మీ చేత్తోనే ఒక వాక్యం తెలుగులో రాసి కింద పెట్టండి. ఒక చికిత్సకిచ్చిన అనుమతి ఇంకోదానికి చెల్లదని 2008లోనే సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. కాబట్టి మెడకి కన్నం పెట్టాలంటే మళ్లీ విడిగా అడగాలి. ఆరోగ్యశ్రీ (2024 నుంచి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డుంటే నగదు కట్టేముందే ఆస్పత్రిలో ఆ పథకం డెస్కు దగ్గరకెళ్లి ఈ కేసుకి అప్రూవల్ వస్తుందో లేదో కనుక్కోండి.

గడువు అయిపోయి, మెరుగు లేక, మిషను తీసేద్దాం అనుకుంటే అది ఒక్క డాక్టరు తేల్చే పని కాదు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పిచ్చి, 2023 జనవరి 24న ఆ పద్ధతిని కొంత తేలిక చేసింది. ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దాని మీద ఇంకో ముగ్గురి బోర్డు చూడాలి. అందుకే చాలామంది డాక్టర్లు పెట్టేముందే మిమ్మల్ని అంత గట్టిగా అడుగుతారు. బాధ్యత తప్పించుకోవడమని తిట్టుకోకండి. నాన్నగారు ఇంటికొస్తే, తనకేం వద్దో ఆయన చేతే కాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షుల ముందు నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో ధ్రువీకరించుకోవచ్చు. ఒక కాపీ డిశ్చార్జ్ సమ్మరీతో కలిపి పెట్టండి. అడ్మిషన్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది, రాతపూర్వకంగా అడగండి.