కెరీర్ కార్నర్: గ్యాప్ వచ్చిన టెస్టర్‌కి తెలుగే పెట్టుబడి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆరేళ్లు మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ని చేత్తో వాడి చూసి తప్పులు పట్టే పని) చేశాను. పాప పుట్టాక మానేసి మూడున్నరేళ్లయింది. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం. ఎక్కడ అప్లై చేసినా ‘గ్యాప్ ఎందుకొచ్చింది?’ దగ్గరే ఆగిపోతోంది. ఆటోమేషన్ (టెస్టింగ్‌ని ప్రోగ్రాంతో చేయించడం) కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కోర్సు చేయండి గానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. అదే సర్టిఫికెట్ పట్టుకొచ్చే మిగతావాళ్లకు గ్యాప్ ఉండదు. వాళ్లలో చాలామందికి లేనివి మీ దగ్గర రెండున్నాయి: ఆరేళ్లుగా తప్పులు పట్టిన కన్ను, తెలుగు. ఈ రెండూ కలిసేచోట పని బోలెడుంది.

‘స్త్రీ’ అనే మాటనే తీసుకోండి. కంటికి ఒక్కటే అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు యూనికోడ్ సంకేతాలు (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే నంబర్లు), వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. డేటాబేస్‌లో 20 బైట్లే కేటాయించిన గడిలో దీని పక్కన ఇంకో తెలుగు అక్షరం పట్టదు. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగుది 70 సంకేతాలకే నిండిపోతుంది. ఆస్పత్రి పంపే చిన్న అపాయింట్‌మెంట్ మెసేజ్ కూడా రెండు ముక్కలై, రెండు మెసేజ్‌ల ఛార్జీ పడేది అందుకే. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఒత్తు పోవాలా, అక్షరమంతా పోవాలా? పేర్లను అకారాది క్రమంలో పేర్చితే ‘క్ష’ ఎక్కడికి వెళ్లింది? పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయా? ఇవన్నీ టెస్ట్ కేసులే, అంటే పరీక్షించి చూడాల్సిన సందర్భాలే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో కంటికి కనిపించని ఒక సంకేతం చేరిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీలోనూ తెలుగు జారిపోయింది.

వారానికి 8 గంటల చొప్పున 12 వారాలు కేటాయించుకోండి. మొదటి నాలుగు వారాలు లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని తప్పుల్ని (బగ్‌లను) నమోదుచేసే బగ్జిల్లా సైట్‌లో పనిచేయండి. అక్కడ ‘అన్‌కన్‌ఫర్మ్‌డ్’ (ఇంకా నిర్ధారణ కాని) స్థితిలో ఉన్న బగ్‌లను ఎవరైనా పరీక్షించవచ్చు. తాజా వెర్షన్‌లో అదే తప్పు వస్తే స్థితిని ‘న్యూ’కి మార్చాలి, వివరాలు చాలకపోతే ‘నీడ్‌ఇన్ఫో’ పెట్టి అడగాలి. ఇలా ఇరవై చూశాక, మీకు దొరికిన తెలుగు తప్పుల్ని మీరే రాయండి. ముందు అదే బగ్ ఇంతకుముందు ఎవరైనా పెట్టారేమో వెతకండి. డూప్లికేట్లు పెట్టేవాళ్ల మీద డెవలపర్లకు నమ్మకం పోతుంది. వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంటు పేరు, అంచెలంచెలుగా ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, పదిసార్లలో ఎన్నిసార్లు వచ్చింది, స్క్రీన్‌షాట్... ఇవన్నీ ఉండాలి. తెలుగు తెలియని డెవలపర్‌కి స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఆ పదాన్ని టెక్స్ట్‌గా ఇచ్చి, యూనికోడ్ సంకేతాలు విడివిడిగా రాసి, సరైన రూపం ఎలా ఉండాలో పక్కన చూపించండి. అప్పుడే బగ్ కదులుతుంది.

తర్వాతి ఆరు వారాల్లో ఇవే కేసుల్లో పది ఎంచుకుని, మీరే ఒక చిన్న వెబ్ ఫారం తయారుచేసుకుని, ప్లేరైట్ అనే టూల్‌తో ఆటోమేట్ చేసి, కోడ్‌ని నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి. ‘ఐదు సెకన్లు ఆగు’ అని స్క్రిప్టులో రాయకండి. నెట్ నెమ్మదించిన రోజు అది ఫెయిలవుతుంది, మిగతా రోజుల్లో ఊరికే సమయం తింటుంది. ఫలానా బటన్ కనిపించేదాకా ఆగమని రాయాలి. పాత కంపెనీ టెస్ట్ కేసులు ఒక్కటి కూడా అక్కడ పెట్టకండి. అవి కంపెనీవి, పెడితే ఒప్పందం ఉల్లంఘించినట్టే.

చివరి రెండు వారాలు అసలైనవి. తెలుగులో సేవలందించే పది యాప్‌లు ఎంచుకుని, ఒక్కోదానికి రెండు పేజీల రిపోర్టు తయారుచేయండి. మామూలు వినియోగదారుగా మీకు కనిపించినవే రాయండి. అనుమతి లేకుండా లాగిన్, పేమెంట్ భద్రతను కెలకకండి, అది చట్టరీత్యా ఇబ్బంది తెస్తుంది. రిపోర్టును ఆ యాప్ ప్రొడక్ట్ మేనేజర్‌కి పంపుతూ ఉద్యోగం అడగకండి. ‘తెలుగు వెర్షన్ మొత్తం 40 గంటల్లో పరీక్షించి ఇస్తాను, ఫీజు ఇంత’ అనండి. చిన్న పనికి డబ్బివ్వడానికి మేనేజర్ ఒప్పుకుంటే చాలు, ఉద్యోగానికైతే హెచ్‌ఆర్ గ్యాప్ ప్రశ్నని దాటాలి. పదిమందిలో ఒకరు జవాబిచ్చినా మీ రెజ్యూమెలో పై వరుస మారిపోతుంది. గ్యాప్‌ని మాత్రం దాచకండి. ‘పిల్లల పెంపకం’ అని సంవత్సరాలతో ఒక్క వరుస రాసి వదిలేయండి.

అవుట్‌రీచీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల ఇంటర్న్‌షిప్ కూడా చూడండి. ఏడాదికి రెండు విడతలు, మూడు నెలలు, వారానికి దాదాపు 30 గంటలు, ఇంటి నుంచే. స్టైపెండ్ 7,000 డాలర్లు. ఫుల్‌టైమ్ ఉద్యోగం ఉన్నవాళ్లకు కుదరదు కాబట్టి మీకు ఇదే సమయం. మొదటి దరఖాస్తు ఆమోదం పొందాక సుమారు నెలపాటు ప్రాజెక్టులో నిజంగా పనిచేసి చూపించాలి, ఆ పనిని వాళ్ల సైట్‌లో నమోదు చేయాలి. ఆమోదం రాగానే పనైపోయిందనుకుని చాలామంది ఆగిపోయేది అక్కడే.

ప్రశ్న: క్లౌడ్ సపోర్ట్‌లో నాలుగేళ్లుగా ఉన్నాను. మీటింగ్ నోట్స్, కొత్తవాళ్లకు ట్రైనింగ్ నాకే వస్తాయి. డెవాప్స్‌కి (సాఫ్ట్‌వేర్ విడుదల, సర్వర్ల నిర్వహణను ఆటోమేట్ చేసే పని) మారతానంటే ‘ఖాళీ లేదు’ అంటున్నారు.
– మాదాపూర్ నుంచి ఒకరు

జవాబు: ఖాళీ లేనప్పుడు పనిని చూపించి ఆ స్థానాన్ని పుట్టించాలి. మూడు నెలల టికెట్లను (సపోర్ట్‌కి వచ్చిన ఫిర్యాదులను) ఎక్సెల్‌లోకి దించి, కారణాన్నిబట్టి వేరుచేయండి. ఉదాహరణకు ‘డిస్క్ నిండింది’ అనే టికెట్లు నెలకు 46, ఒక్కోదానికి 25 నిమిషాలు అనుకోండి. నెలకు 19 గంటలు పోతున్నట్టు. ఈ అంకెతో ఒక్క పేజీ రాయండి: సమస్య, పోతున్న గంటలు, స్క్రిప్టుతో ఏది తగ్గుతుంది, దానికి వారానికి 4 గంటల చొప్పున 6 వారాలు కావాలి. ఆ 4 గంటలు ఎక్కడినుంచి వస్తాయో కూడా రాయండి. మీటింగ్ నోట్స్ వంతులవారీగా అందరూ రాస్తే సరిపోతుందని అక్కడే పెట్టండి. విడిగా అడిగితే ఫిర్యాదులా వినిపించేది, ప్లాన్‌లో భాగమైతే మామూలు విషయమవుతుంది.

రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని ఎవరికీ చెప్పకుండా చేసి ఇచ్చేయకండి. అది అందరిదీ అయిపోతుంది, చెడినప్పుడు బాగుచేసే చాకిరీ మాత్రం మీకు మిగులుతుంది. కోడ్ మీ లాగిన్‌తోనే చేరాలి, డిజైన్ పత్రంలో పేరుండాలి, డెమో పది నిమిషాలైనా మీరే ఇవ్వాలి. నెల తర్వాత టికెట్లు మళ్లీ లెక్కపెట్టండి. హోదా మార్పు మాట అప్రైజల్ మీటింగ్‌లో తీయకండి, అప్పటికి రేటింగులు తేలిపోయి ఉంటాయి. కనీసం రెండు నెలల ముందే అడగండి.

ప్రశ్న: గుంటూరులో ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు చేస్తున్నాను. పని అయ్యాక డబ్బులు ఆలస్యం చేస్తున్నారు.

జవాబు: 40 శాతం అడ్వాన్స్, డిజైన్ ఓకే అన్నాక 30, సైట్ లైవ్‌లోకి వెళ్లే ముందు 30 తీసుకోండి. మార్పులు రెండు విడతలే అని ముందే రాసుకోండి. డొమైన్‌ను క్లయింట్ పేరుమీదే కొనిపించండి, మీ పేరుమీదుంటే రేపు గొడవ మీ మెడకే చుట్టుకుంటుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వమిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ చాలు. అది ఉంటే మీ బిల్లును లిఖిత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పుకున్న గడువులో, ఎంత ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. దాటితే వడ్డీతో సహా అడగవచ్చు, ఇందుకోసం ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. బిల్లు అడుగున ఉద్యమ్ నంబరు తప్పక వేయండి.