టెక్ సందేహాలు: గిటారు టోన్లు పంచాలా, అమ్మాలా?

ప్రశ్న: చర్చిలోనూ, ఒక చిన్న బ్యాండులోనూ గిటారు వాయిస్తాను. నా దగ్గర ఉన్నది లైన్ 6 కంపెనీవారి హెచ్‌ఎక్స్ స్టాంప్, గిటారు శబ్దాన్ని రకరకాలుగా మార్చే ప్రాసెసర్. రెండేళ్లు కూర్చుని నలభై దాకా ప్రీసెట్లు, అంటే ఒక్కో టోన్‌కు దాచిపెట్టుకున్న అమరికలు, తయారు చేసుకున్నాను. అడిగినవారికల్లా వాట్సాప్‌లో పంపేవాణ్ని. ఈ మధ్య కొందరు "ఇంత కష్టపడి ఊరికే ఇవ్వడమెందుకు, అమ్ముకోండి" అంటున్నారు. అమ్మితే మొదట కొన్నవాడే మిగతావారందరికీ పంచేస్తాడేమోనని అనుమానం. ఏం చేయమంటారు? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ అనుమానం నిజమే. మీరు అమ్మబోయే సరుకుకు తాళం లేదు. మీ ప్రీసెట్లలో ఒకదాన్ని కంప్యూటర్‌లోకి దించి, ఆ హెచ్‌ఎల్‌ఎక్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఏ ఆంప్ (యాంప్లిఫయర్) మోడల్, డ్రైవ్ (గరగర) ఎంత, బాస్ ఎంత, డిలే ఎంత సమయం, ఏ ఫుట్‌స్విచ్ నొక్కితే ఏది వెలగాలి, అంతా మామూలు అక్షరాలు, అంకెలే కనిపిస్తాయి. శబ్దం అందులో లేదు. శబ్దం పుట్టించేది పెట్టె. పెట్టెలో దేన్ని ఎక్కడ నిలపాలో చెప్పే చీటీ ఆ ఫైలు. చీటీని నకలు తీయకుండా ఆపడం ఎవరి తరమూ కాదు.

అయినా చీటీలు అమ్ముడుపోతూనే ఉన్నాయి, అదీ నలభై ఏళ్లుగా. 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ వచ్చినప్పుడు దాన్ని ప్రోగ్రామ్ చేయడం సామాన్యులకు చేతకాలేదు. చేతనైనవారు శబ్దాలు తయారు చేసి కార్ట్రిడ్జ్‌లలో అమ్మారు. 32 శబ్దాల సమాచారమంతా కలిపితే 4 కిలోబైట్లు, ఇప్పుడు మనం పంపుకునే శుభోదయం బొమ్మ కన్నా ఎంతో చిన్నది. కొన్నవారు డబ్బిచ్చింది ఆ 4 కిలోబైట్లకు కాదు, తమకు మిగిలిన రాత్రులకు. తమాషా ఏమిటంటే అదే యమహా 2014లో లైన్ 6ను కొనేసింది. మీ పెట్టె ఆ ఇంటిదే, తగువు కూడా ఆ ఇంటిదే.

ఇక చట్టం. మన కాపీరైట్ చట్టం (1957) రక్షించేది వ్యక్తీకరణను. ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. "ప్లెక్సీ ఆంప్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడల్ పెట్టి, గెయిన్ తగ్గించి, లెవెల్ పెంచు" అన్నది ఎవరి సొత్తూ కాదు. మీ అంకెలు చూసి తన నాబ్‌లు తిప్పుకున్నవాణ్ని మీరు ఏమీ చేయలేరు. మీ ప్యాక్‌ను ఉన్నదున్నట్టుగా నకలు తీసి, పేరు మార్చి అమ్మేవాడి సంగతి వేరు. అక్కడ మీరు అమ్మకంలో రాసిన షరతులు పనికొస్తాయి. అందుకే షరతులు రాయాలి. చాలామంది రాయరు.

కాని నన్నడిగితే, మీరు ఆలోచించాల్సింది దొంగ నకళ్ల గురించి కాదు, నిజాయతీగా కొన్నవారి గురించి. ఉచితంగా ఇచ్చిన టోన్ బాగా లేకపోతే పుచ్చుకున్నవారు తుడిచేసి ఊరుకుంటారు. మూడు వందలు పెట్టి కొన్నది బాగా లేకపోతే ఫోను చేస్తారు. ఎప్పుడు చేస్తారో కూడా చెప్పగలను: శనివారం రాత్రి పదకొండింటికి, మర్నాడు ఆరాధన ఉందనగా. బాగా లేకపోవడానికి కారణాలు మీ చేతిలో ఉండవు. మీది హమ్‌బకర్ పికప్‌లున్న (తీగల కదలికను పట్టే, రెండు చుట్లవి) గిటారైతే, వారిది ఒకే చుట్టున్న సింగిల్ కాయిల్. మీ గిటారుకు సరిగ్గా సరిపోయిన డ్రైవ్ వారికి పలచగా, ఈగ మోతలా వినిపిస్తుంది. మీరు హెడ్‌ఫోన్లలో చేశారు, వారు హాలులో పెద్ద స్పీకర్ల మీద వింటారు. తక్కువ వాల్యూమ్‌లో మన చెవి మంద్ర, తార శబ్దాలను సరిగా పట్టుకోదు. ఫ్లెచర్, మన్సన్ ఈ సంగతిని 1933లోనే కొలిచి చూపించారు. అందుకని ఇంట్లో తక్కువ శబ్దంలో పని చేసేవారు తెలియకుండానే బాస్, ట్రెబుల్ పెంచేస్తారు. అదే ప్రీసెట్ వేదిక మీదకు వచ్చేసరికి కింద దడదడలాడే మోత, పైన చెవులు కోసే కీచు. ఇందులో మోసమేమీ లేదు, కానీ డబ్బిచ్చినవారికి ఆ తేడా అనవసరం.

దానికితోడు పెట్టెల సమస్య. అదే కంపెనీ పెద్ద ప్రాసెసర్ హీలిక్స్‌లో శబ్దాన్ని లెక్కగట్టే డీఎస్‌పీ చిప్‌లు రెండుంటే మీ స్టాంప్‌లో ఒకటే. 2018లో విడుదలైనప్పుడు అందులో ఒక ప్రీసెట్‌కు ఆరు బ్లాకులే (ఆంప్, డిలే లాంటి ఒక్కో భాగం ఒక బ్లాకు) పట్టేవి, 3.0 ఫర్మ్‌వేర్‌తో, అంటే పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్‌తో, ఎనిమిది అయ్యాయి. మీరు ఎనిమిది బ్లాకులతో చేసినదాన్ని అప్‌డేట్ చేయని పెట్టెలోకి ఎక్కించాలని చూసినవారికి దొరికేది ఎర్రర్. ఆ ఎర్రర్ అర్థమేమిటో వివరించాల్సింది మీరు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు కదా. వీణకు 24 మెట్లు. ఏ మెట్టు ఏ స్వరమో సంగీతం నేర్చిన ప్రతివారికీ తెలుసు, అందులో రహస్యం లేదు. అయినా మెట్లను మైనంలో నిలిపేటప్పుడు ఆ వీణ తీగలు మీటుతూ, వింటూ, ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోవాలి. ఒక వీణ కొలతలు తెచ్చి ఇంకో వీణకు అతికిస్తే అపస్వరం పలుకుతుంది. అక్కడ కూలి ఇచ్చేది లెక్కకు కాదు, చెవికి.

అందుకే నా సలహా ఇది. నలభైలో ముప్పై అయిదు ఉచితంగా పెట్టేయండి. ప్రీసెట్లు పంచుకునే లైన్ 6 వారి వెబ్‌సైటు కస్టమ్‌టోన్ ఉన్నది అందుకే. మిగిలిన అయిదూ కూడా అమ్మవద్దు, మీ పని అమ్మండి: "మీ చర్చి హాలుకు వచ్చి, మీ గిటారుతో, మీ మిక్సర్ మీద ఒక పూట కూర్చుని నాలుగు టోన్లు సరిచేసి ఇస్తాను" అని చెప్పండి. దాన్ని ఎవరూ వాట్సాప్‌లో పంచలేరు. మీ ఉచిత ప్రీసెట్లే దానికి ప్రకటన. గుంటూరు, విజయవాడ మధ్య గిటారున్న చర్చిలు తక్కువేమీ కాదు. వాటిలో సగంచోట్ల మంచి ప్రాసెసర్ ఉండి కూడా కంపెనీ ఇచ్చిన మొదటి ప్రీసెట్ మీదే బండి నడుస్తోందని నా పరిశీలన.

కాదు, ప్యాక్ అమ్మి తీరతానంటే ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఐఆర్‌లు, అంటే స్పీకర్ క్యాబినెట్ స్వభావాన్ని పట్టుకున్న చిట్టి రికార్డింగులు, వేరే సంగతి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2,048 శాంపిళ్లు అంటే 43 మిల్లీసెకన్లయినా లేని శబ్దం, కానీ అది ఎవరో మైకు పెట్టి తీసిన శబ్దం. మీరు కొన్న ఐఆర్ మీకు వాడుకోవడానికే. దాన్ని మీ ప్యాక్‌లో కలిపి పంపితే అది దొంగ సొమ్మే అవుతుంది, ఉచితంగా ఇచ్చినా సరే. పెట్టెలోనే ఉన్న క్యాబ్ మోడళ్లతో ప్రీసెట్లు చేయండి, ఆ గొడవే ఉండదు. ఏ పెట్టె, ఏ ఫర్మ్‌వేర్, ఏ పికప్ అన్నవి అమ్మకం దగ్గరే రాయండి. వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను రిటర్నులో చూపించండి. జీఎస్టీ గురించి ఇప్పుడే కంగారు వద్దు. సేవల మీద ఏడాదికి 20 లక్షలు వచ్చిన రోజున మనం మళ్లీ మాట్లాడుకుందాం, అప్పుడు నాకూ నాలుగు టోన్లు సరిచేసి పెడుదురుగాని.

ప్రశ్న: వీడియోలో అద్భుతంగా వినిపించిన ప్రీసెట్ ప్యాక్ కొన్నాను. నా దగ్గర ఆ సగం కూడా రావడం లేదు. మోసపోయానా? (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: బహుశా కాదు. ఇదే అనుభవం నాకూ ఉంది. ఒక ప్యాక్ కొని, మొదటి ప్రీసెట్ వినగానే అమ్మినవాణ్ని తిట్టుకున్నాను. తరువాత తెలిసింది, నేను ప్రాసెసర్‌ను గిటారు ఆంప్ ముందువైపు ఇన్‌పుట్‌లో గుచ్చి వింటున్నానని. ప్రీసెట్‌లో అప్పటికే ఒక ఆంప్, ఒక క్యాబినెట్ ఉన్నాయి. వాటి మీద నిజమైన ఆంప్, నిజమైన స్పీకర్ ఎక్కాయి. అన్నం మీద అన్నం వడ్డించినట్టు. మీరూ అలాగే వింటుంటే ప్రీసెట్‌లోని ఆంప్, క్యాబ్ బ్లాకులు ఆపేయండి, లేదా స్టూడియో మానిటర్లలోనో మంచి హెడ్‌ఫోన్లలోనో వినండి. తరువాత డ్రైవ్ నాబ్ ఒక్కటే తిప్పుతూ మీ పికప్‌లకు సరిపెట్టుకోండి. వీడియోలో బాస్, డ్రమ్స్ కలిసి వినిపిస్తాయని, ఒంటరి గిటారు ఎప్పుడూ అంత నిండుగా ఉండదని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: స్నేహితుడి పాత ట్యూబ్ ఆంప్‌ను న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో క్యాప్చర్ చేశాను, అంటే దాని శబ్దాన్ని అనుకరించే ఫైలు తయారు చేశాను. అమ్మవచ్చా? ఆంప్ కంపెనీ పేరు పెట్టవచ్చా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: స్టీవెన్ ఆట్కిన్సన్ రూపొందించిన ఆ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, ఎంఐటీ లైసెన్సు. దానితో చేసిన క్యాప్చర్‌ను అమ్మకూడదన్న అడ్డేమీ ఆ లైసెన్సులో లేదు. ఆంప్ మీ స్నేహితుడిది కాబట్టి ఆయన్ను అడగండి, అది చట్టం కన్నా మర్యాద. ఎవరో అమ్మిన ప్లగిన్‌నో, ఇంకొకరి క్యాప్చర్‌నో తిరిగి క్యాప్చర్ చేసి అమ్మడం మాత్రం వద్దు. వాటి షరతుల్లో చాలావరకు దాన్ని నిషేధించి ఉంటాయి.

పేరు దగ్గర పెద్ద కంపెనీల వరస చూడండి. హీలిక్స్‌లో వాక్స్ ఏసీ30కి "ఎసెక్స్ ఏ30" అని పేరు. ఫెండర్ ట్విన్ రివర్బ్ "యూఎస్ డబుల్" అయింది. మార్షల్ "బ్రిట్" అయింది. ఏది ఏ ఆంప్‌ను అనుసరించిందో వివరణలో చెబుతారు, ఉత్పత్తి పేరులో మాత్రం పెట్టరు. ట్రేడ్‌మార్కు ఉన్నవారితో తలనొప్పి ఎందుకని. మీరూ అదే దారిలో నడవండి. పాట పేరూ, గిటారిస్టు పేరూ అంతే: "ఈ తరహా లీడ్‌కు పనికొస్తుంది" అనవచ్చు, ఆయనే చేసిచ్చినట్టు ఆయన బొమ్మ వేయకూడదు.

అయితే ధర పెట్టేముందు క్యాప్చర్లు పంచుకునే టోన్3000 వెబ్‌సైటును ఒకసారి తిరిగి రండి. మీరు క్యాప్చర్ చేసిన ఆంప్‌కే అక్కడ ఉచితంగా ఎన్ని ఉన్నాయో చూస్తే మీ ధర మీరే తగ్గించుకుంటారు.

ప్రశ్న: నేను ఉచితంగా పెట్టిన ప్రీసెట్లను ఇంకొకరు తమ పేరుతో అమ్ముతున్నారు. (హైదరాబాద్)

జవాబు: పెట్టేటప్పుడు ఏమీ రాయలేదు కదా? ఉచితం అంటే షరతులు లేవని జనం అనుకుంటారు. ఇకనుంచి ప్రతి జిప్ ఫైలులో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టండి: క్రియేటివ్ కామన్స్ బీవై-ఎన్‌సీ 4.0, అంటే పేరు చెప్పి వాడుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు. ఇప్పటికి, ఆయన అమ్ముతున్న వేదికకు మీ పాత ఫైలు తేదీ, మీ వీడియో తేదీ జతచేసి ఫిర్యాదు పంపండి. ఈలోగా మీ ఉచిత ప్యాక్ లింకు ఆ అమ్మకం వీడియో కింద వ్యాఖ్యగా పెట్టండి. కొనేవారు ఎవరైనా అది చూడకుండా ఉండరు.

ప్రశ్న: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే నా ప్రీసెట్లు పోతాయా? (రాజమహేంద్రవరం)

జవాబు: పోకూడదు, కానీ పోవని నమ్మి కూర్చోవద్దు. ముందు బ్యాకప్ తీయండి. అప్‌డేట్ అయ్యేంతవరకు యూఎస్‌బీ తీగ కదపవద్దు. కచేరీ ఉన్న వారంలో మాత్రం ఆ పని పెట్టుకోకండి.