ఒడ్డు కనిపించని రోజు ఖర్చెంత?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కాకినాడలో ఉంటాం. నెలకు 46 వేలు పెన్షన్ వస్తుంది. ఏప్రిల్‌లో మా పెళ్లయి 35 ఏళ్లు నిండుతాయి. సింగపూర్‌లో ఓడ ఎక్కి, మలేసియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి, నాలుగు రాత్రుల తర్వాత మళ్లీ సింగపూర్‌లో దిగే క్రూజ్‌కి వెళ్లాలని మా ఆవిడ కోరిక. విమానం టికెట్లతో కలిపి ఇద్దరికీ 2 లక్షల 40 వేలు అంటున్నాడు ఏజెంట్. ‘నాలుగో రోజు పూర్తిగా సముద్రంలోనే సార్, తినడం, పడుకోవడం, ఆ రోజు రూపాయి ఖర్చుండదు’ అన్నాడు. ఫిబ్రవరిలో డబ్బంతా కట్టేయాలి. 7.5 శాతానికి మూడేళ్లకు వేసిన 5 లక్షల ఎఫ్‌డీ ఉంది, జూన్‌లో మెచ్యూర్ అవుతుంది. దాన్ని బ్రేక్ చేయమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. ఎందుకో చెప్తాను కానీ, ముందు మీ ఏజెంట్ అన్న ఆ ఒక్క మాట సంగతి చూద్దాం. మీ బడ్జెట్ తప్పేది అక్కడే.

ఓడ రేవులో ఉన్నంతసేపు కేసినోకి, డ్యూటీ ఫ్రీ షాపులకి తాళం వేసి ఉంటుంది. ఒడ్డు వదిలి దూరం వెళ్లాకే తెరుస్తారు. పెనాంగ్‌లో, ఫుకెట్‌లో జనం దిగి ఊళ్లోకి పోతారు, ఓడ సగం ఖాళీ. నాలుగో రోజున మూడు నాలుగు వేల మంది ఎక్కడికీ వెళ్లడానికి లేకుండా, ఏ పనీ లేకుండా ఓడలోనే ఉంటారు. స్పా వాళ్ల ఆఫర్లు, బింగో, వాచీల సేల్, ఫొటోలు, అన్నీ ఆ రోజుకే పెట్టుకుంటారు. మీకది విశ్రాంతి రోజు, వాళ్లకు సంత రోజు.

మూడేళ్ల కిందట మేమూ ఇదే దారిలో వెళ్లాం. నాలుగో రోజు పొద్దున్నే డెక్ మీదికి వెళ్తే మలక్కా జలసంధిలో సరుకు ఓడలు ఒకదాని వెనక ఒకటి, హైవే మీద లారీల్లా పోతున్నాయి. గాలి చల్లగా ఉంది, చేతిలో టీ కప్పు, అదీ ఉచితమే. పది గంటలకు ఎండ చురుక్కుమనేసరికి మా ఆవిడ కొబ్బరి బోండాం అడిగింది. ట్రేలో పెట్టి, గొడుగు బొమ్మ గుచ్చి తెచ్చారు. కార్డు గీశాం, మర్చిపోయాం. చివరి రాత్రి తలుపు సందులోంచి బిల్లు లోపలికి తోశారు. అందులో బోండాం 9 అమెరికా డాలర్లు, దాని మీద 18 శాతం సర్వీసు చార్జీ, మొత్తం 10.62. ఇప్పటి మన లెక్కలో తొమ్మిది వందల యాభై పైచిలుకు. కోనసీమ పక్కన ఉన్నవాళ్లకు ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

ఓడలో నోట్లు చెల్లవు. ఎక్కగానే ఇచ్చే కార్డే గది తాళంచెవి, అదే పర్సు. మీ క్రెడిట్ కార్డును దానికి కలుపుతారు. చేతిలోంచి డబ్బు పోతున్నట్టు అనిపించదు కాబట్టే చిక్కు. గదిలో టీవీలోనో, రిసెప్షన్ దగ్గరో ఏ రోజు లెక్క ఆ రోజు చూసుకోవచ్చు. రోజూ రాత్రి భోజనం అయ్యాక చూసుకోండి. డెబిట్ కార్డు మాత్రం కలపకండి. అవసరానికి మించి సొమ్ము బ్లాక్ చేస్తారు, అది విడుదలయ్యేసరికి మీరు కాకినాడ వచ్చి వారం దాటినా ఆశ్చర్యం లేదు.

ఇక అంకెలు. లెక్క సులువుగా ఉండడానికి డాలరు 90 రూపాయలు అనుకుందాం. చాలా ఓడల్లో సిబ్బందికిచ్చే టిప్పు మన ఇష్టం కాదు, మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో వాళ్లే వేస్తారు. 18.50 చొప్పున ఇద్దరికి నాలుగు రోజులకు 148 డాలర్లు, అంటే 13,320 రూపాయలు. ఏజెంట్ చెప్పిన 2 లక్షల 40 వేలలో ఇది ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. పోర్టు పన్నులు, జీఎస్టీ, టీసీఎస్ కూడా అందులోనే ఉన్నాయా అని అడగండి. ‘అన్నీ కలిపే సార్’ అంటే ఒప్పుకోవద్దు.

టీసీఎస్ అంటే విదేశీ టూర్ ప్యాకేజీ మీద ముందుగానే వసూలు చేసే పన్ను. దీని రేట్లు తరచూ మారుతున్నాయి. మీరు కట్టే రోజున ఎంత ఉందో ఆ రేటే. ఇది పోయే డబ్బు కాదు, ఎవరి పాన్ మీద కట్టారో వాళ్లు రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది, లేదా వెనక్కి వస్తుంది. అందుకే ప్యాకేజీ మీ పేరు మీదే తీసుకోండి. రిటర్న్ వేసే అలవాటు లేని మీ ఆవిడ పేరు మీద తీసుకుంటే, ఆ కాస్త డబ్బు కోసం కొత్తగా రిటర్న్ వేయాల్సి వస్తుంది.

డ్రింక్స్ ప్యాకేజీ అంటగడతారు. చాలా ఓడల్లో మద్యం ప్యాకేజీ ఒకరు కొంటే గదిలోని పెద్దవాళ్లందరూ, అన్ని రోజులకూ కొనాలి. మీకు అక్కర్లేదు. వైఫై కూడా నాలుగు రోజులకు తీసుకోకండి. పెనాంగ్‌లో, ఫుకెట్‌లో దిగినప్పుడు రోమింగ్ ప్యాక్ పనిచేస్తుంది. సముద్రం మీద మాత్రం ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాల్సిందే. ఓడకు సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, మామూలు రోమింగ్ ప్యాక్ దానికి వర్తించదు. ‘బావున్నారా’ అని మనవడు చేసిన ఒక్క కాల్‌కి వందల్లో బిల్లు వస్తుంది.

ఒక ఖర్చు మాత్రం పెట్టమంటాను, బాల్కనీ గది. తేడా మరీ ఎక్కువైతే వద్దు, 20, 25 వేల లోపు అయితే తీసుకోండి. ఊళ్లు తిరిగే రోజుల్లో గది పడుకోవడానికే. కానీ ఆ నాలుగో రోజు, పూల్ పక్కన కుర్చీలన్నిటి మీదా పొద్దున ఏడింటికే ఎవరెవరో టవళ్లు పరిచి పోయాక, మీరిద్దరూ మీ గుమ్మంలో కూర్చుని సముద్రం చూడొచ్చు. రోజూ బీచ్‌లో సముద్రం చూసేవాళ్లకు ఇదేం గొప్ప అంటారేమో. ఏ వైపు చూసినా ఒడ్డు లేకపోవడం వేరు. మీ ఆవిడ అడిగింది కూడా దానికోసమే అయి ఉంటుంది.

మందులు సూట్‌కేసులో పెట్టకండి. ఓడ దగ్గర పెట్టెలు తీసుకుంటే సాయంత్రానికి గానీ గదికి చేరవు. మీ ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు అక్కడ పనికిరాదు, ఓడ డాక్టరు దగ్గరికి వెళ్తే బిల్లు డాలర్లలోనే. క్రూజ్‌కి వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. ప్రీమియం కొంచెం పెరుగుతుంది, పెరగనీయండి. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీయా కాదా చూసుకోండి. ఓడ ఎక్కినప్పుడు ఆ దేశం దాటినట్టే, తిరిగొచ్చేది రెండో ప్రవేశం.

ఇవన్నీ కలిపితే మొత్తం 3 లక్షలు పెట్టుకోండి. ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పర్సనల్ లోన్ 12 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 9,964 కట్టాలి, వడ్డీయే 58 వేలు దాటుతుంది. ఎఫ్‌డీ బ్రేక్ చేస్తే, జరిమానా 1 శాతం అనుకున్నా, 5 లక్షల మీద రెండేళ్ల ఎనిమిది నెలలకు పదమూడు వేలు పోతాయి. దాని బదులు అదే ఎఫ్‌డీ మీద 3 లక్షలు లోన్ తీసుకోండి. బ్యాంకులు సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం కలిపి తీసుకుంటాయి. 8.5 శాతం చొప్పున నాలుగు నెలలకు వడ్డీ 8,500. అదే నాలుగు నెలల్లో ఆ 3 లక్షల మీద మీకు వచ్చే వడ్డీ 7,500. అంటే మీ మీద పడే భారం వెయ్యి రూపాయలు. జూన్‌లో ఎఫ్‌డీ మెచ్యూర్ కాగానే లోన్ తీరిపోతుంది, మిగతాది మీ చేతికొస్తుంది.

ఒక సంగతి మీరు రాయలేదు. ఈ ఎఫ్‌డీ కాకుండా ఇంకేమైనా పొదుపు ఉందా? ఉంటే నిశ్చింతగా వెళ్లండి. ఇదొక్కటే అయితే అసలులో మిగిలే రెండు లక్షలు రేపు ఆసుపత్రి ఖర్చుకైనా, ఇంటి రిపేరుకైనా చాలవు. అప్పుడు ఇదే ప్రయాణం వచ్చే ఏడాదికి పెట్టుకుని, ఈలోగా నెలకు పది వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయమంటాను. ఏది ఎంచుకున్నా, అడ్వాన్స్ కట్టే ముందు ఏజెంట్ ఇచ్చే క్యాన్సిలేషన్ షరతుల కాగితం నాకు పంపండి, చూసి చెప్తాను.