సుజాతకు మేనత్త ఉత్తరం: అంబులెన్సు వచ్చేలోపు

చి.సౌ. సుజాతకు మేనత్త ఆశీస్సులు.

మీ మామయ్యగారికి స్టెంటు వేశాక రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నావు. ఆయనకు బీపీ, షుగరు, గుండె. మీ అత్తగారివి ఏళ్ళ తరబడి కట్టెలపొయ్యి పొగ పీల్చిన ఊపిరితిత్తులు. భయం ఉంటుంది మరి. అయితే "ఏదైనా అయితే" అని మొత్తంగా భయపడితే ఆ వేళకు కాళ్ళూ చేతులూ ఆడవు. దాన్ని మూడుగా విడదీసుకో: గుండె ఆగిపోవడం, పక్షవాతం, ఊపిరి అందకపోవడం. క్యాజువాలిటీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చూసింది ఒకటే. ఒకదానికి చేయాల్సిన పని ఇంకోదానికి చేసేసి, తీరా చేయాల్సింది చేయకుండానే రోగిని తీసుకొచ్చేవాళ్ళు.

ముందు గుండె ఆగడం. మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. భుజాలు పట్టుకుని గట్టిగా పిలువు. పలకలేదా, ఛాతీ కేసి చూడు. మామూలుగా శ్వాస ఆడకపోతే గుండె ఆగినట్టే లెక్క. ఇక్కడే చాలామంది మోసపోతారు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి అప్పుడప్పుడూ ఒక ఎగశ్వాస తీస్తారు, గురక పెట్టినట్టు ఉంటుంది. "ఇంకా ఊపిరుంది" అని చుట్టూ నిలబడి చూస్తుంటారు, లేదా తులసి తీర్థానికి పరుగెడతారు. అది ఊపిరి కాదమ్మా. కొందరికి కాళ్ళూ చేతులూ కాసేపు కొట్టుకుంటాయి కూడా. ఫిట్సు అనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టి కూర్చోకు.

ఫోన్లో 108 కొట్టి స్పీకర్ ఆన్ చేసి పక్కన పడేయి. పరుపు మీదుంటే ఆయన్ని నేల మీదకు దించు, మెత్తటి దాని మీద నొక్కితే పరుపే నలుగుతుంది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ నడిమి ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ, అంటే మణికట్టు పక్కనుండే గట్టి భాగం, ఆనించి, దాని మీద రెండో చెయ్యి వెయ్యి. మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కు. రెండంగుళాలు దిగాలి, అంటే 5 నుంచి 6 సెంటీమీటర్లు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వు.

మధ్యలో ఆపకూడదు. బోరింగు కొడుతూ చెయ్యి ఆపితే నీళ్ళు కిందికి జారిపోయి మళ్ళీ నాలుగు సార్లు కొడితేగానీ పైకి రావు కదా, ఇదీ అంతే. ఆపిన ప్రతిసారీ మెదడుకూ గుండెకూ వెళ్ళే రక్తం పడిపోతుంది. రెండు నిమిషాలకల్లా నీకు అలసట వస్తుంది, చేతుల బలం తగ్గినా నీకు తెలియదు. మీ ఆయనో, ఎదురింటివాళ్ళో ఉంటే రెండేసి నిమిషాలకు మారండి. పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించవచ్చు. విన్నా ఆపొద్దు, ఎముక అతుక్కుంటుంది. నోటితో ఊపిరి ఊదడం రాకపోతే ఫర్వాలేదు, నొక్కితే చాలు. నీళ్ళలో మునిగినవాళ్ళకీ, ఉరి బిగిసినవాళ్ళకీ మాత్రం ఊపిరి ఊదడం కూడా కావాలి. అది నేర్చుకోవాలంటే రెడ్‌క్రాస్ వాళ్ళ ప్రథమ చికిత్స తరగతికి వెళ్ళు.

డాక్టరువి కావాలనుకోకు. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఈ పద్ధతిని లోకానికి చెప్పిన ముగ్గురిలో కౌవెన్‌హోవెన్ అనే ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆ తర్వాత వచ్చిన ఏఈడీ అనే షాకిచ్చే పెట్టె ఇప్పుడు విమానాశ్రయాల్లో ఉంటోంది. తెరిస్తే అదే మాట్లాడుతుంది, అది చెప్పినట్టు చేయడమే. అపార్ట్‌మెంటు సంఘంవాళ్ళు గేటుకు కొత్త రంగులు వేయించే డబ్బులో కొంత అలాంటిదానికి పెడితే బాగుణ్ణు అని నా గొణుగుడు.

గుండె ఆగడం వేరు, గుండెపోటు వేరు. గుండెపోటులో మనిషికి తెలివి ఉంటుంది. ఛాతీ బరువు, చెమటలు, ఎడమచేయో దవడో లాగడం. షుగరున్నవాళ్ళకు నొప్పే ఉండకపోవచ్చు, ఉత్త ఆయాసమూ నీరసమూ వస్తాయి. "గ్యాసు" అని సోడా తెప్పించే మగాళ్ళను నమ్మకు. మీ మామయ్యగారు అందులో మొదటివారు. నడిపించకుండా కూర్చోబెట్టు, 108 చెయ్యి, వాళ్ళను అడిగి ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించు. ఆస్పిరిన్ పడనివాళ్ళకూ, కడుపులో పుండు ఉన్నవాళ్ళకూ వద్దు.

అదే ఆస్పిరిన్ పక్షవాతంలో ఇవ్వకూడదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. మెదడులో రక్తనాళం గడ్డతో మూసుకుపోయిందో, చిట్లి రక్తం కారుతోందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, సీటీ స్కాన్ తీయాలి. చిట్లినప్పుడు ఆ మాత్ర విషమవుతుంది. బీపీ 190 ఉందని కంగారుపడి బీపీ మాత్ర కూడా వేయకు. అసలు నోట్లో చుక్క నీళ్ళు పోయకు, మింగే శక్తి పోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గుర్తుపట్టడం తేలిక. నవ్వమను, మూతి ఒక పక్కకు లాగుతుంది. రెండు చేతులూ ఎత్తమను, ఒకటి వాలిపోతుంది. ఒక వాక్యం చెప్పించు, మాట ముద్దగా వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా బయలుదేరాల్సిందే. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఎందుకంటే అసలుది ఆ వెనకే రావచ్చు. వేలికి గుచ్చి షుగరు ఒకసారి చూడు, షుగరు పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది.

డాక్టరు నిన్ను అడిగే మొదటి ప్రశ్న, "చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికి?" ఆ టైము కాగితం మీద రాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడి నుంచి నాలుగున్నర గంటల లోపలే, ఎంత ముందైతే అంత మేలు. నిద్ర లేచేసరికే మూతి వంకర పోయి ఉంటే, పడుకున్న వేళ నుంచి లెక్క. ఆలస్యమైందని వదిలేయకు. పెద్ద నాళంలో గడ్డైతే కొందరికి 24 గంటల వరకూ తీగ పంపి లాగేస్తున్నారు. పసరు మందు, పావురం రక్తం అని మీ ఊరి బంధువులు ఫోన్లు చేస్తారు. వాళ్ళకు సమాధానం తర్వాత చెప్పుకోవచ్చు. ఇరవైనాలుగు గంటలూ సీటీ తీసి, ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి మీ దగ్గర ఏదో ఈ వారంలోనే కనుక్కో. దగ్గర్లో ఉందని స్కాన్ లేని నర్సింగ్‌హోముకు వెళితే అక్కడే గంట పోతుంది.

ఇక మీ అత్తగారు. ఆయాసం రాగానే పడుకోబెట్టకు. కూర్చోబెట్టి, ముందుకు వంగి చేతులు బల్ల మీద ఆనించుకోమను. డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో, అంటే దానికి తగిలించే గొట్టంతో, పట్టించు. ఆవిరి, విక్స్ కోసం టైము పాడుచేయొద్దు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపడానికి వేలికి పెట్టే ఆక్సీమీటరు మంచిదే, కానీ గోళ్ళరంగున్నా వేళ్ళు చల్లబడినా తప్పు చూపిస్తుంది. ఆమెలాంటి ఊపిరితిత్తులకు సాధారణంగా 88 నుంచి 92 చాలంటారు, ఆమె అంకె ఎంతో డాక్టరుతో రాయించుకో. 98 చేద్దామని ఆక్సిజన్ పెంచకు. అలా పెంచితే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మత్తులోకి జారుతుంది. అంకె కంటే మనిషిని చూడు. వాక్యం పూర్తిచేయలేక ఒక్కో మాటకూ ఆగుతుంటే, పెదాలు నీలంగా మారుతుంటే 108. అంతసేపూ ఎగపోసిన మనిషి ఉన్నట్టుండి నెమ్మదించి కునికితే "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటారు. ఊపిరి తీసే కండరాలు అలిసిపోయాయని దానర్థం. మూడింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

ఊళ్ళో మీ చిన్నమామగారు పొలం దగ్గర నేల మీద పడుకుంటారన్నావు. మంచమూ దోమతెరా కొనివ్వండి. కట్లపాము రాత్రిపూట కరిస్తే నొప్పి కూడా పెద్దగా ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి ఊపిరి ఆగుతుంది. అక్కడ మంత్రగాడి దగ్గర ఆగకుండా వెంటిలేటరు ఉన్నచోటికి చేరితే బతుకుతారు.

మీది మూడో అంతస్తు. ఆయాసంలో ఉన్నవాళ్ళను మెట్లు దింపి నడిపించొద్దు, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అట్టేపెట్టు. ఇద్దరి మందుల చీటీలు, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రల పేర్లు, ఒకే సంచిలో తలుపు వెనక తగిలించు. ఇంటి గుర్తులు వీధి మొదటి నుంచి చెప్పడం బుడ్డోడికి నేర్పు. 108 వాళ్ళు అడిగేది అదే, వాడైతే కంగారుపడడు.

ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చెయ్యి. సోఫా దిండు నేల మీద పెట్టి రెండు నిమిషాలు ఆపకుండా నొక్కి చూపించు, నేను లెక్కపెడతాను. నీ తర్వాత మీ ఆయన. పనుందని తప్పించుకోనివ్వకు.

ఇట్లు,
మీ మేనత్త