మస్టర్‌లో హాజరు పడింది, ప్రమాదం మాత్రం ఎక్కడా లేదు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గాజువాక. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నాను. ఈ సంక్రాంతి వెళ్లిన వారంలో నైట్ షిఫ్టులో కన్వేయర్ రోలర్‌లో పడి కుడిచేతి చూపుడు వేలు పై కణుపు తెగిపోయింది. రోలర్‌కు ఉండాల్సిన గార్డు అప్పటికే ఊడదీసి ఉంది. సూపర్‌వైజర్ నన్ను ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇంట్లో తలుపు సందులో వేలు పడిందని రాయించాడు. తొమ్మిది రోజులు ఇంట్లో ఉన్నా హాజరు వేసి జీతం ఇచ్చారు. గేటు దగ్గర బోర్డు మీద ప్రమాదం జరగని రోజుల లెక్క మాత్రం పెరుగుతూనే ఉంది. అడిగితే, ‘మన రికార్డు బాగుంది కాబట్టే తనిఖీలు లేవు, నువ్వు గొడవ చేస్తే కంపెనీ మూతపడుతుంది’ అంటున్నారు. ఆ రికార్డు చూసే హక్కు నాకుందా? పరిహారం ఎవరిని అడగాలి?

జవాబు: జీతం ఇచ్చారు కదా అని మీరు కాస్త మెత్తబడినట్టున్నారు. మీ కేసులో అసలు మెలిక ఆ హాజరే. పనిలో గాయపడిన మనిషి 48 గంటలు, ఆ పైన పనికి రాలేకపోతే యాజమాన్యం అధికారులకు ప్రమాద నోటీసు పంపాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పింది ఇదే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం, అంటే వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 10వ సెక్షన్ చెప్పేదీ ఇదే. మీ ప్రమాదం ఆ తేదీ తర్వాతిది కాబట్టి మీకు కొత్త కోడే వర్తిస్తుంది. మీకు హాజరు పడగానే కాగితం మీద మీరు ఒక్క పూట కూడా పని మానలేదు. నోటీసు పంపనక్కర్లేదు, బోర్డు మీద అంకె చెరపనక్కర్లేదు. తొమ్మిది రోజుల జీతంతో కంపెనీ కొనుక్కున్నది అదీ.

ఆ హాజరు అబద్ధమని చూపించడం మీరు అనుకున్నంత కష్టం కాదు. హాజరు వేసే మస్టర్ పుస్తకం సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. గేటు దగ్గర వేలిముద్ర మిషన్ ఉంటే అది ఆయన మాట వినదు. కట్టు కట్టుకుని గాజువాకలో పడుకున్న మనిషి పంచింగ్ పరవాడలో ఎలా పడుతుంది? ఆసుపత్రి నుంచి కేస్ షీటు నకలు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలి. అందులో మిమ్మల్ని చేర్చిన టైము చూడండి, అది నైట్ షిఫ్టు మధ్యలోనే ఉంటుంది. బిల్లు ఎవరి పేరున కట్టారో కూడా చూడండి. ఇంట్లో తలుపు సందులో నలిగిన వేలికి కంపెనీవాళ్లు డబ్బెందుకు కట్టినట్టు?

ఇక రికార్డు సంగతి. మీ ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం అడిగే హక్కు కోడ్ 14వ సెక్షన్ కింద మీకుంది. కాంట్రాక్టు కార్మికుడివి, నీకెందుకు అంటే చెల్లదు. కంపెనీకి, కాంట్రాక్టర్‌కు విడివిడిగా ఉత్తరాలు రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదులు దాచుకోండి. వాళ్లు జవాబివ్వరనే అనుకుందాం. ప్రైవేటు కంపెనీ మీద నేరుగా సమాచార హక్కు దరఖాస్తు నడవదు గానీ, ఫ్యాక్టరీల శాఖ మీద నడుస్తుంది. ఫలానా కంపెనీ నుంచి జనవరిలో ప్రమాద నోటీసు ఏదైనా అందిందా అని ఒక్క ప్రశ్న వేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అందలేదని వస్తే నిరాశపడకండి, మీకు కావలసిన కాగితం అదే. ఒక చిన్న జాగ్రత్త: మీరుండేది విశాఖ జిల్లా అయినా, 2022 ఏప్రిల్ 4 నుంచి పరవాడ అనకాపల్లి జిల్లాలో ఉంది. ఫిర్యాదు ఫ్యాక్టరీ ఉన్న చోటి అధికారికి వెళ్లాలి.

పరిహారానికి ముందు జీతం స్లిప్పులో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోత ఉందేమో చూడండి. ఉంటే మీ దారి ఈఎస్ఐ కార్పొరేషనే, విడిగా యజమాని మీద పరిహారం కేసు కుదరదు. చూపుడు వేలు ఒక కణుపు పోతే సంపాదన శక్తిలో 9 శాతం నష్టమని చట్టం పట్టికలోనే ఉంది. ఆ లెక్కన నెలనెలా డబ్బు వస్తుంది. ఈఎస్ఐ మీకు వర్తించకపోతే రెండేళ్లలోగా కార్మిక శాఖలో పరిహారం తేల్చే అధికారి ముందు దరఖాస్తు వేయాలి. కాంట్రాక్టర్ తప్పించుకున్నా అసలు కంపెనీ కట్టాల్సిందే. తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. గార్డు లేకపోవడం వేరే నేరం. తీవ్ర గాయమైతే కొత్త కోడ్‌లో జరిమానా 2 లక్షల నుంచి 4 లక్షల వరకు ఉంది, అందులో కనీసం సగం బాధితుడికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. 

రికార్డు బాగుంటే తనిఖీలెందుకనే వాదన మన ఊళ్లో టీ కొట్టు దగ్గర కూడా వినపడుతోంది. నిజాయితీగా నడిచే కంపెనీకి ఊరికే వచ్చి వేధించే తనిఖీ వద్దనడంలో న్యాయం ఉంది, కాదనను. కానీ రికార్డు రాసేది ఎవరు? 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయాక ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిందేమిటంటే, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగునే ఉంది, మధ్యలో, పైన లేదు. అడుగున అంకె బాగానే ఉంది, పైన సరుకు వేడెక్కింది. మీ గేటు బోర్డు కూడా అడుగునే కొలుస్తోంది. కొత్త కోడ్‌లో ఎవరి దగ్గరికి తనిఖీకి వెళ్లాలో కంప్యూటర్ ఎంపిక చేసే పద్ధతి పెట్టారు. అలాంటప్పుడు కంపెనీ పంపే నోటీసుల విలువ ఇంకా పెరుగుతుంది. వేలు తెగిన సంగతి బయటపడితే కంపెనీ మూతపడదు, రోలర్‌కు గార్డు పెట్టాల్సి వస్తుంది, అంతే.

చివరిగా, మీరు అడగని విషయం. ఉత్తరాలు అందాక కాంట్రాక్టర్ కొంత నగదు, ఒక స్టాంపు పేపరు పట్టుకుని మీ ఇంటికి రావచ్చు. ఇక ఏ బాకీ లేదని రాయించుకుంటారు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు సంతకం పెట్టినా చట్టం ముందు చెల్లదు. అయినా పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఎంత తీసుకున్నారో, ఏ తేదీన, ఎవరి ఎదుట తీసుకున్నారో గుర్తున్నప్పుడే రాసి పెట్టుకుని, దరఖాస్తులో దాచకుండా చెప్పండి.