బీఎంఐ 41, షుగర్, గురక ఉన్నాయి. వారానికో ఇంజెక్షనా, స్లీవ్ ఆపరేషనా?

మీకు 34 ఏళ్ళు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 41. షుగర్‌కి మాత్రలు వేసుకుంటున్నారు, రాత్రిళ్ళు నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మెషిన్ పెట్టుకుని పడుకుంటున్నారు, పుల్లటి తేన్పులతో తరచూ మెలకువ వస్తోందన్నారు. రెండేళ్ళలో ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారు. ఒక డాక్టరు బరువు తగ్గించే ఇంజెక్షన్ అన్నారు, ఇంకొకరు కడుపుని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అన్నారు, ఇంట్లోవాళ్ళేమో "నోరు కట్టుకుంటే చాలు" అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు. నేను 2019లో స్లీవ్ చేయించుకున్నాను, 2023 నుంచి ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ కూడా తీసుకుంటున్నాను. రెండూ నా ఒంటి మీద చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ నోరు కట్టుకోవడం సంగతి. ఆపరేషన్‌కి ముందు నేను మూడుసార్లు పది, పదిహేను కిలోలు తగ్గాను. మూడుసార్లూ తగ్గినదానికంటే ఎక్కువే పెరిగాను. అప్పట్లో నాకు పట్టుదల లేదనుకుని కుమిలిపోయేదాన్ని. జరిగేది వేరు. బరువు తగ్గగానే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ పడిపోతుంది, ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గిపోతుంది. డైటింగ్‌తో తగ్గినవాళ్ళని ఏడాది తర్వాత పరీక్షించినా ఈ హార్మోన్లు మునుపటి స్థితికి రాలేదని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అంటే పోయిన బరువుని వెనక్కి తెచ్చుకోవాలని ఒళ్ళే పోరాడుతుంది. మీ స్థాయిలో ఉన్నప్పుడు తిండి తగ్గించడం, నడవడం అవసరమే కానీ అవి మాత్రమే సరిపోవు. ఇది మీ తప్పు కాదు, దయచేసి ఈ మాట నమ్మండి.

ఇంజెక్షన్ గురించి. వికారం, మలబద్ధకం, మోతాదు పెంచిన ప్రతిసారీ రెండు మూడు రోజులు వాంతులు నాకు అయ్యాయి, తర్వాత సర్దుకున్నాయి. కానీ మొదటి నెలలోనే తెలిసిన మార్పు ఏమిటంటే, రోజంతా తిండి మీదే ఉండే ధ్యాస పోయింది. మధ్యాహ్నం పని చేసుకుంటూ చేసుకుంటూ రెండయిందని గడియారం చూసి తెలుసుకున్నాను. నా జీవితంలో అదే మొదటిసారి. ఇక అంకెలు చూస్తే, 2021లో వచ్చిన పెద్ద ట్రయల్లో సెమాగ్లుటైడ్ 2.4 మి.గ్రా. వాడినవాళ్ళు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు. మీకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, అది షుగర్ లేనివాళ్ళ లెక్క. షుగర్ ఉన్నవాళ్ళ మీద చేసిన ట్రయల్లో అదే మందుకి 9.6 శాతం వచ్చింది. టిర్జెపటైడ్ అని ఇలాంటిదే ఇంకో ఇంజెక్షన్ ఉంది, దానికి కూడా అంతే, షుగర్ లేనివాళ్ళలో పెద్ద మోతాదుకి 20 శాతం పైన, ఉన్నవాళ్ళలో 15 దగ్గర. ఇంకోటి, సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. బీపీ మాత్రలాగా ఇదీ వాడుతున్నంత కాలమే పని చేస్తుంది. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, మీకు ఎప్పుడైనా పాంక్రియాస్ వాచినా డాక్టరుకి ముందే చెప్పాలి. బిడ్డ కావాలనుకునేవాళ్ళు సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందు ఆపాలి. టిర్జెపటైడ్ అయితే గర్భం రాకుండా వేసుకునే మాత్రల పనిని తగ్గించగలదు.

ఆపరేషన్‌కి వస్తాను. స్లీవ్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, మిగిలింది సన్నని గొట్టంలా ఉంటుంది. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగం ఆ తీసేసినదాంట్లోనే పోతుంది. మర్నాడు నర్సు నా చేతికి మందు సీసాతో వచ్చేలాంటి చిన్న కప్పు ఇచ్చింది, 30 మిల్లీలీటర్ల నీళ్ళు. అది తాగడానికి నాకు పావుగంట పట్టింది. గుక్క కాస్త పెద్దదైతే రొమ్ము ఎముక వెనక రాయి ఇరుక్కున్నట్టు పట్టేసేది. తర్వాత నెలల్లో ఒక్క ముద్ద తొందరగా మింగినా అదే నొప్పి. అలా నమలడం నేర్చుకున్నాను. 118 కిలోల నుంచి ఏడాదిన్నరలో 82కి వచ్చాను. సగటున ఆపరేషన్లు 25, 30 శాతం తగ్గిస్తాయి, కాబట్టి నాది మామూలు ఫలితమే. మోకాళ్ళ నొప్పి పోయింది. ఏళ్ళ తర్వాత నేలమీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేచాను.

నన్ను నిజంగా దెబ్బ తీసింది కోత కాదు, ఆ తర్వాత పట్టించుకునేవాళ్ళు లేకపోవడం. డిశ్చార్జి కాగితంలో మల్టీవిటమిన్ అని ఒక్క మాట తప్ప ఏమీ లేదు. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు. అది చాలామందికి అవుతుంది, మళ్ళీ వస్తుంది, నాకూ వచ్చింది. కానీ పద్నాలుగో నెలలో పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆపరేషన్ చేసిన చోటికి వెళ్తే "బరువు బాగానే తగ్గారుగా, ఇంకెందుకు టెస్టులు" అన్నారు. వేరే డాక్టరు రక్తపరీక్ష రాస్తే బీ12 బాగా తక్కువగా తేలింది. ఆర్నెల్లు ఇంజెక్షన్లు తీసుకుంటే గాని పాదాలు కుదుటపడలేదు. అందుకే మీరు ఆపరేషన్ ఎవరు బాగా చేస్తారని వాకబు చేసే ముందు, ఐదేళ్ళ తర్వాత మీ బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి ఎవరు చూస్తారో అడగండి. జవాబు తడబడితే ఇంకో చోటు చూసుకోండి.

నాలుగో ఏడు నిండేసరికి నేను 91కి పెరిగాను. మళ్ళీ ఓడిపోయానని ఏడ్చాను. మా డాక్టరు మాత్రం, గుండెకి స్టెంట్ వేసినా మాత్రలు ఆపరు కదమ్మా అని సెమాగ్లుటైడ్ మొదలుపెట్టారు. ఇప్పుడు 83. ఆపరేషనా, ఇంజెక్షనా అని ఒకటే తేల్చుకోవాల్సిన పని లేదని అప్పుడు అర్థమైంది.

మీ విషయంలో నా అభిప్రాయం అడిగితే, షుగర్, గురక రెండూ ఉండి బీఎంఐ 41 అంటే ఆపరేషన్‌కి భయపడకండి. ఈ ఆపరేషన్ ఎవరికి చేయొచ్చో చెప్పిన 1991 నాటి పాత అమెరికా నిబంధనల ప్రకారం చూసినా మీరు అర్హులే. కానీ స్లీవ్ దగ్గర ఆగండి. మీ పుల్లటి తేన్పులు నన్ను కలవరపెట్టాయి. స్లీవ్ తర్వాత గుండెల్లో మంట పెరగొచ్చు, బైపాస్ (గుండెది కాదు, కడుపుని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపే ఆపరేషన్) తర్వాత సాధారణంగా తగ్గుతుంది. 2018లో వచ్చిన స్విట్జర్లాండ్ ట్రయల్లో ఐదేళ్ళకి రెండిటి బరువు ఫలితం దాదాపు ఒకటే, తేడా వచ్చింది ఈ మంట దగ్గరే. ముందు ఎండోస్కోపీ చేయించుకుని, బైపాస్ ఎందుకు వద్దో ఆ సర్జన్‌నే అడగండి. బైపాస్‌లో కష్టాలు వేరు. తీపి తింటే గుండెదడ, చెమటలు, విరేచనం రావచ్చు, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మానేయాలి, విటమిన్లు జీవితాంతం ఇంకా కచ్చితంగా వేసుకోవాలి.

బిడ్డ విషయంలో, ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. మీ రెండేళ్ళ లెక్కకి అది సరిపోతుంది, కాకపోతే నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే షుగర్ పడిపోవచ్చు, కాబట్టి మాత్రల మోతాదు ఎవరు మారుస్తారో ముందే రాయించుకోండి. సీపాప్ మెషిన్ మాత్రం హాస్పిటల్‌కి మీతో పట్టుకెళ్ళండి, మత్తు దిగిన తర్వాత వచ్చే మొదటి రాత్రే దాని అవసరం ఎక్కువ. ఇరవై కిలోలు తగ్గి గురక ఆగిపోయిందనిపించినా, నిద్రపరీక్ష మళ్ళీ చేయించుకున్నాకే దాన్ని పక్కన పెట్టండి.